ముల్లు తూకం మీద సీపీఆర్, ట్రేలో 45 ఆంప్యూల్స్: మా స్కిల్ ల్యాబ్ డైరీ

జిల్లా ప్రభుత్వ బోధనాసుపత్రి. క్యాజువాలిటీ పోస్టింగ్‌లోకి దిగే ముందు హౌస్ సర్జన్ల చేత సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం) లాంటి ఎమర్జెన్సీ పనులు చేయించి, వాళ్ళకి నిజంగా వచ్చిందో లేదో పరీక్ష పెట్టడమే ఈ పని. సీపీఆర్ నేర్పడానికి కంపెనీ బొమ్మ ఒకటుంది. ఫస్టియర్ ఫౌండేషన్ కోర్సుకీ అదే, ఇన్‌స్పెక్షన్‌కీ అదే. బ్యాచ్ మొత్తం దాని చుట్టూ నిలబడితే ఒక్కొక్కరికి అర నిమిషం దక్కుతుంది. అందుకే సొంతంగా బొమ్మలు కట్టడం మొదలైంది. ఇంకో కాలేజీ వాళ్ళు కట్టుకోవాలంటే పనికొచ్చే కొలతలు, ఖర్చులు, పారేసిన పద్ధతులతో సహా రాసి పెడుతున్నాను.

దశ 1: ఫోమ్ ఛాతీ (పనికిరాలేదు)

పరుపుల షాపులో 20 సెంటీమీటర్ల మందం రీబాండెడ్ ఫోమ్ ముక్క తెచ్చి, మీద పాత బనియన్ తొడిగి కుట్టించాం. పొద్దున నొక్కితే బాగానే ఉంది. దాదాపు 45 కిలోల బరువు పెడితే 5 సెంటీమీటర్లు దిగింది. సాయంత్రానికి ఫోమ్ ఎత్తే సెంటీమీటరున్నర తగ్గిపోయింది. అదే బరువుకి 6 దాటి దిగుతోంది. అంటే పొద్దున చేసిన పిల్లలకి ఒక పరీక్ష, సాయంత్రం చేసినవాళ్ళకి ఇంకో పరీక్ష.

అంతకంటే పెద్ద ఇబ్బంది, చెయ్యి తీశాక ఫోమ్ నిదానంగా పైకి లేస్తుంది. నిమిషానికి 100 నుంచి 120 కంప్రెషన్లు చేస్తుంటే అది పూర్తిగా లేచేలోపే తర్వాతి నొక్కు పడిపోతుంది. ఛాతీని పూర్తిగా పైకి రానివ్వాలని క్లాసులో చెబుతూ, రాకపోయినా తేడా తెలియని బొమ్మ మీద నేర్పిస్తే ప్రయోజనం లేదు.

ఖర్చు: ఫోమ్ 750, కుట్టుకూలి 200. ఇప్పటివరకు మొత్తం: ₹950.

దశ 2: స్ప్రింగు

పెద్దవాళ్ళ ఛాతీని 5 సెంటీమీటర్లు దింపడానికి ఇంచుమించు 50 కిలోల బలం కావాలని లెక్క పెట్టుకుని, అంత గట్టిదనం ఉన్న స్ప్రింగు కోసం విజయవాడ ఆటోనగర్ వెళ్ళాం. షాపతనికి మనకేం కావాలో చెప్పడం కష్టమైంది. "ఏ బండికి మేడమ్?" అంటాడు. బండికి కాదంటే నమ్మడు. చివరికి నేనూ మా అటెండరూ షాపు ముందే స్ప్రింగుల మీద చేతులు పెట్టి నొక్కి చూసుకున్నాం.

బైకు వెనక షాకబ్జార్బర్ స్ప్రింగు మరీ గట్టిది. తూకం మీద పెట్టి 5 సెంటీమీటర్లు దింపితే ముల్లు 80 దాటింది. పాత స్కూటర్ ముందు వైపు స్ప్రింగులు మెత్తవి. ఒక్కోటి 25, 26 కిలోలు చూపించింది. రెండు పక్కపక్కన పెడితే 51. అదే తీసుకున్నాం.

కట్టిన తీరు:

1. కింద 40 × 30 సెంటీమీటర్ల ప్లైవుడ్ దిమ్మ, పైన అంతే సైజు పలక. మందం 12 మిల్లీమీటర్లు.
2. స్ప్రింగులు పక్కకి ఒరగకుండా లోపల పీవీసీ పైపు ముక్కలు. పైపు పొడవు స్ప్రింగు పొడవు కంటే 7 సెంటీమీటర్లు తక్కువ ఉండాలి, లేకపోతే పలక పైపుకి తగిలి ఆగిపోతుంది.
3. పలక మీద ఒక వేలు మందం ఫోమ్ (మొదటి ముక్కలోంచి కోసిందే), దాని మీద రెక్సిన్, దానిపై బనియన్.
4. స్టెర్నమ్ (రొమ్ము మధ్య ఎముక) చోట రెక్సిన్ కింద చెక్క పట్టీ. పక్కటెముకలకి పాత ఎలక్ట్రికల్ కేసింగ్ ముక్కలు. వీటి వల్ల చెయ్యి ఎక్కడుందో తడిమి తెలుసుకోవచ్చు.

కార్పెంటర్ మొదట నాలుగు మూలలా నాలుగు బోల్టులు బిగించాడు. పలక సమంగా దిగకుండా ఒక మూల పట్టేసేది. బోల్టులు తీసేసి, రెండు పక్కలా నైలాన్ పట్టీలతో వదులుగా కట్టించాక సరిపోయింది.

ఖర్చు: స్ప్రింగులు 300, ప్లైవుడ్ 450, కూలి 600, పైపు 80. ఇప్పటివరకు మొత్తం: ₹2,380.

దశ 3: లోతు ఎంత, చెయ్యి తీశారా లేదా

ముందు డిజిటల్ బరువు మిషన్ పెట్టాం. అది ఒక అంకె దగ్గర నిలకడ దొరికితే అక్కడే లాక్ అయిపోతుంది. చెయ్యి తీసినా 48 అనే చూపిస్తుంది. మన పనికి అసలు వద్దు. ముల్లు ఉన్న పాత రకం తూకం కావాలి. బొమ్మని దాని మీద పెట్టి, పక్కనున్న చక్రం తిప్పి ముల్లుని సున్నాకి తెస్తే చాలు.

ముల్లుతో రెండు పనులే అవుతాయి. ఒకటి, నెమ్మదిగా నొక్కి స్ప్రింగు గట్టిదనం చూసుకోవడం. రెండు, చేస్తున్న మనిషి ప్రతి నొక్కు తర్వాత ఛాతీ మీద వాలి ఉంటున్నాడా లేదా చూడడం. వేగంగా చేస్తున్నప్పుడు పైన ఎంత చూపించిందన్నది పట్టించుకోకూడదు, ముల్లు ఊగిపోతుంది. కిందికి వచ్చినప్పుడు సున్నా దాకా వస్తోందా అన్నదే చూడాలి. అలసిపోయినవాళ్ళ దగ్గర అది 6, 8 కిలోల దగ్గరే తచ్చాడుతుంది. "పూర్తిగా చెయ్యి లేపు" అని పదిసార్లు చెప్పినా ఎక్కనిది, తన ముల్లు తనే చూసుకున్నాక ఎక్కుతోంది.

లోతు తెలియడానికి రెండు లిమిట్ స్విచ్‌లు. 5 సెంటీమీటర్ల దగ్గర ఒకటి క్లిక్ మని చిన్న పచ్చ లైటు వెలిగిస్తుంది. 6 దగ్గర రెండోది బజర్ మోగిస్తుంది. 5 తగ్గకూడదు, 6 దాటకూడదు, పెద్దవాళ్ళకి గైడ్‌లైన్స్ చెప్పే లెక్క అదే.

స్విచ్‌ని పలకకి సరిగ్గా కింద నిలబెడితే మొదటి రోజే విరిగింది. పలక దాని నెత్తి మీద పడుతోంది మరి. చివర చక్రం ఉన్న రకం స్విచ్ తీసుకుని పక్కకి బిగించాలి. పలక దాన్ని రాసుకుంటూ కిందికి పోవాలి, గుద్దకూడదు. అలా మార్చాక ఇంతవరకు ఇబ్బంది లేదు.

ఖర్చు: తూకం 1,100, స్విచ్‌లు 140, బజర్, లైటు, 9 వోల్టుల బ్యాటరీ కలిపి 120. ఇప్పటివరకు మొత్తం: ₹3,740.

దశ 4: నేల మీంచి కాట్ మీదికి

నేల మీద మోకాళ్ళపై కూర్చుని అందరూ చక్కగా క్లిక్ కొట్టారు. అదే బొమ్మని క్యాజువాలిటీ కాట్ మీద పెట్టగానే సగం మందికి క్లిక్ పోయింది.

కారణాలు రెండు. మొదటిది పరుపు. చెయ్యి కిందికి బాగానే వెళ్తోంది, కానీ అందులో కొంత పరుపు దిగుతోంది, ఛాతీ కాదు. కాట్ పక్కన స్కేలు నిలబెట్టి ఫోన్‌లో స్లో మోషన్ తీసి చూస్తే చెయ్యి ఆరున్నర సెంటీమీటర్లు దిగినా 5 సెంటీమీటర్ల లైటు వెలగలేదు. మిగిలిన ప్లైవుడ్‌తో వీపు కింద పెట్టే పలక చేశాం. అది పెట్టేశాక తేడా బాగా తగ్గింది. కానీ పలక పెట్టడానికి కంప్రెషన్లు ఎంతసేపు ఆగాయో కూడా చూడాలి. పలక వెతకడానికి అర నిమిషం ఆపేస్తే లాభం కంటే నష్టమే ఎక్కువ. ఇప్పుడు పలకని కాట్ తల వైపు కొక్కేనికి వేలాడదీస్తున్నాం.

రెండోది ఎత్తు. మా కాట్లు ఎత్తు మార్చేవి కావు. పొట్టివాళ్ళు మోచేతులు వంచి భుజబలంతో నొక్కుతున్నారు. ఒక నిమిషంలోనే అలసట. స్టోర్స్‌కి ఇండెంట్ పెట్టి స్టెప్ స్టూల్ తెప్పించి, స్టూల్ ఎక్కి నడుము దగ్గర్నుంచి ఒంటి బరువు వేయమన్నాం. నలభై రెండు కిలోల అమ్మాయి 5 సెంటీమీటర్లు దింపగలదా అని ఒక పీజీకి అనుమానం. స్టూల్ మీద నిలబడి రెండు నిమిషాలూ ప్రతి నొక్కుకీ లైటు వెలిగేలా కొట్టి చూపించింది. రెండు నిమిషాలకి మనిషిని మార్చాలన్న రూల్ మాత్రం అందరికీ ఒకటే.

అంబు బ్యాగ్ (మాస్క్ పెట్టి చేత్తో పిండి ఊపిరి అందించే సంచి) సంగతి క్లుప్తంగా: పెద్దవాళ్ళ బ్యాగ్ లీటరున్నర పైమాటే, కావాల్సిన గాలి 500 నుంచి 600 మిల్లీలీటర్లు, ఒక సెకనులో. టెన్షన్‌లో రెండు చేతులతో పిండేస్తారు. ఒకరు రెండు చేతులతో మాస్క్ పట్టుకుంటే ఇంకొకరు ఒక చేత్తో పిండడమే మా దగ్గర అందరికీ కుదిరిన పద్ధతి.

దశ 5: చెక్‌లిస్టు తిరగరాయడం

1975లో స్కాట్లండ్‌లోని డండీలో హార్డెన్ మొదలుపెట్టిన ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష పద్ధతి మనందరికీ తెలిసిందే. ఒక్కో స్టేషన్, కొన్ని నిమిషాలు, చేతిలో చెక్‌లిస్టు, గంట మోగితే పక్క స్టేషన్. మా మొదటి చెక్‌లిస్టులో 25 అంశాలు, ఒక్కోదానికి ఒక మార్కు.

దాంతో వచ్చిన ఫలితం చూడండి. ఒక అబ్బాయికి 22. వీడియోలో ముప్పయ్ కంప్రెషన్లకి ఒక్క క్లిక్ లేదు. మార్కులెక్కడివి? "సీన్ సేఫ్ సార్, రెస్పాన్స్ చూస్తాను సార్, హెల్ప్ పిలుస్తాను సార్, పల్స్ చూస్తాను సార్" అని గడగడా అప్పజెప్పేశాడు, ప్రతిదానికీ ఒక టిక్. పల్స్ చూస్తానన్న చెయ్యి మెడ దాకా వెళ్ళనే లేదు. పక్క స్టేషన్లో ఏమీ మాట్లాడకుండా పది సెకన్లలో పల్స్ చూసి, దిగి కొట్టడం మొదలుపెట్టిన అమ్మాయికి 15.

ఆ కాగితం కొలుస్తున్నది జ్ఞాపకశక్తిని. పిల్లలకి ఎలా పాసవ్వాలో మనకంటే బాగా తెలుసు. నోటికి మార్కులిస్తే నోరే నేర్చుకుంటారు.

రెండో చెక్‌లిస్టులో చేసిన మార్పులు:

1. "చెబుతాడు", "అంటాడు" అన్న మాటలున్న అంశాలన్నీ తీసేశాం. చేసి చూపించేది ఉంటేనే అంశం.
2. కొన్నిటికి టిక్ బదులు అంకె రాయాలి. బొమ్మ చూసిన క్షణం నుంచి మొదటి కంప్రెషన్ దాకా ఎన్ని సెకన్లు. 30 కంప్రెషన్లకి ఎన్ని సెకన్లు (15 నుంచి 18 మధ్య ఉంటే వేగం సరైనది). 30లో ఎన్ని క్లిక్‌లు. రెండు శ్వాసల కోసం ఎంతసేపు ఆపారు (10 సెకన్లు దాటకూడదు).
3. "చేతులు సరైన చోట పెట్టాడు" తీసేసి "అరచేతి మడమ స్టెర్నమ్ కింది సగం మీద ఉంది, వేళ్ళు పక్కటెముకల్ని నొక్కడం లేదు" అని రాశాం.

మూడోది ఎందుకంటే, ఒకే వీడియోకి ఒక ఎగ్జామినర్ 21, ఇంకొకరు 14 వేశారు. తేడా వచ్చిన అంశాలు పక్కన పెట్టి చూస్తే అన్నిట్లోనూ "సరైన", "తగిన", "జాగ్రత్తగా" అన్న మాటలే ఉన్నాయి. ఎవరి సరైనది వాళ్ళది. ఆ మాటలు ఏరి పారేశాక అదే వీడియోకి మార్కుల తేడా రెండుకి వచ్చింది.

ఇంకో తలనొప్పి మా ఎగ్జామినర్లే. పెద్ద ప్రొఫెసర్లకి మనసు ఆగదు. పిల్ల తడబడితే చాలు, "తర్వాత ఏంటమ్మా? ఏదో మర్చిపోయావు చూడు" అంటూ కనుబొమ్మలతో ఆక్సిజన్ సిలిండర్ వైపు చూపిస్తారు. ఎగ్జామినర్ మాట్లాడదగ్గ వాక్యాలు రెండే ఒక కార్డు మీద ప్రింట్ చేసి చేతికిచ్చాం: "పేషెంట్ ఊపిరి తీయడం లేదు." "మీ టైమ్ అయిపోయింది." కుర్చీ కూడా విద్యార్థి వెనక వైపుకి జరిపాం, కనుబొమ్మలు కనపడకుండా.

అనఫిలాక్సిస్ (ప్రాణం మీదికొచ్చే అలర్జీ) స్టేషన్లో ఇంకో జబ్బు. చేతులు అడ్రినలిన్ వదిలేసి అలవాటుగా ఏవిల్, హైడ్రోకార్టిసోన్ వైపే పోతాయి. ఇప్పుడు ఆ స్టేషన్లో అన్నిటికంటే ఎక్కువ మార్కులు ఒక్క పనికే: అడ్రినలిన్ అర మిల్లీగ్రాము, అంటే 1:1000 ఆంప్యూల్‌లో (ఇంజెక్షన్ మందుండే చిన్న గాజు సీసా) అర మిల్లీలీటరు, తొడ బయటి వైపు మధ్యలో, కండకి. ఎన్నో సెకనులో సూది దిగిందో రాయాలి.

ఖర్చు: కాగితాలే. మొత్తం మారలేదు: ₹3,740.

దశ 6: పురుగుమందు కేసు, అట్రోపిన్ ట్రే

మా క్యాజువాలిటీకి ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు తాగిన కేసులు వస్తూనే ఉంటాయి, కాబట్టి ఈ స్టేషన్ తప్పనిసరి. పాత ఓస్కీలో అయిదు నిమిషాలు. విద్యార్థి "అట్రోపినైజ్ చేస్తాను సార్" (విరుగుడు మందు అట్రోపిన్ సరిపడేదాకా ఎక్కిస్తానని) అంటాడు, డోస్ చెబుతాడు, ప్రతి అయిదు నిమిషాలకి రెట్టింపు చేస్తానంటాడు. ఫుల్ మార్కులు.

ఆ మాటని చేతల్లో పెట్టి చూశాం. మా దగ్గర వచ్చే ఆంప్యూల్ ఒక మిల్లీలీటరు, అందులో 0.6 మిల్లీగ్రాములు. మొదటి డోస్ 1.8 మిల్లీగ్రాములు అనుకుంటే:

0 నిమిషం: 3 ఆంప్యూల్స్. మొత్తం 3.
5 నిమిషాలు: 6. మొత్తం 9.
10 నిమిషాలు: 12. మొత్తం 21.
15 నిమిషాలు: 24. మొత్తం 45, అంటే 27 మిల్లీగ్రాములు.

ఇప్పుడు స్టాప్‌వాచ్. మెడ విరిచి, సిరంజిలోకి లాగి, ఖాళీది పక్కన పెట్టడానికి ఒక ఆంప్యూల్‌కి దాదాపు ఇరవై సెకన్లు. పన్నెండుకి నాలుగు నిమిషాలు. ఇరవై నాలుగుకి ఎనిమిది. అయిదు నిమిషాలకోసారి డోస్ అని పుస్తకంలో ఉంది, ఒక్కడే కూర్చుంటే నాలుగో డోస్ టైముకి తయారే కాదు. డోస్ కంఠతా వచ్చిన పిల్లాడు కూడా పేషెంట్ ముందు వెనకబడిపోతాడు, అది తెలివితక్కువతనం వల్ల కాదు, వేళ్ళు చాలక.

అందుకని దీన్ని ఓస్కీ నుంచి తీసేసి, ముగ్గురు ముగ్గురు చొప్పున ఇరవై నిమిషాల టీమ్ స్టేషన్‌గా మార్చాం. ఇప్పుడు చూసేది ఇవి:

1. మొదటి డోస్ ఇస్తుండగానే రెండోది లోడ్ చేయడం మొదలైందా?
2. రెండు మిల్లీలీటర్ల సిరంజి వదిలేసి 10, 20 మిల్లీలీటర్ల సిరంజి అడిగారా?
3. "సిస్టర్, ఇంకో ఇరవై నాలుగు కావాలి" అని స్టాక్ కోసం ముందే ఎవరినైనా పంపారా? మా క్యాజువాలిటీ ట్రేలో ఒకేసారి నలభై అయిదు ఉండవు. ఎంఎన్‌ఓ (మేల్ నర్సింగ్ ఆర్డర్లీ) ఫార్మసీకి వెళ్ళి రావాలి.
4. ప్రతి డోస్‌కి ముందు అయిదూ చూశారా: ఛాతీలో క్రెప్స్ (స్టెత్‌లో వినపడే తడి చప్పుడు) పోయాయా, పల్స్ 80 దాటిందా, పైబీపీ 80 దాటిందా, చంకలు ఆరాయా, కనుపాపలు సూదిమొనల్లా లేకుండా ఉన్నాయా.

నాలుగో దాని కోసం అయిదేసి నిమిషాలకి ఒక కార్డు తిప్పుతాం. పది నిమిషాల కార్డు కావాలనే మెలికతో ఉంటుంది: "పల్స్ 118, బీపీ 110/70, చంకలు పొడి, రెండు వైపులా క్రెప్స్." చాలా టీములు పల్స్ చూసి ఆపేస్తాయి. ఛాతీ ఇంకా తడిగా ఉంటే పల్స్ పెరిగిందని అట్రోపిన్ ఆపకూడదు. ఆపితే తర్వాతి కార్డులో ఆక్సిజన్ శాచురేషన్ పడిపోయి ఉంటుంది.

అయిదూ కుదిరాక డ్రిప్ లెక్క కూడా వాళ్ళ చేతే వేయిస్తాం. పట్టిన మొత్తంలో గంటకి 10 నుంచి 20 శాతం. 27 మిల్లీగ్రాములు పడితే గంటకి 2.7 నుంచి 5.4.

ఈ స్టేషన్ కట్టాలనుకునేవాళ్ళు ముందు చదవాల్సింది ఇది. శిక్షణ ఆంప్యూల్ అసలు ట్రేలో కలిస్తే ప్రాణం మీదికొస్తుంది. మేం స్టోర్స్‌లో పారేయడానికి పెట్టిన గడువు తీరిన గాజు ఆంప్యూల్స్‌ని రాతపూర్వకంగా అనుమతి తీసుకుని వాడాం. ఒక్కో ఆంప్యూల్ మెడకీ నడుముకీ ఎర్ర నెయిల్ పాలిష్ పట్టీ వేశాం. తాళం పెట్టె ఒకటి. తీసినప్పుడు ఎన్ని, పెట్టినప్పుడు ఎన్ని, పగిలినవి ఎన్ని, ఇద్దరి సంతకాలు. లెక్క తేలేదాకా ఎవరూ గది దాటరు. ఒకసారి ఒకటి తక్కువొస్తే గంటసేపు వెతికాం. ఒక అబ్బాయి ఏప్రన్ జేబులో దొరికింది. అప్పట్నుంచి ఈ స్టేషన్లో ఏప్రన్ బయటే విప్పి రావాలి. గాజు కోసుకోకుండా దూదితో పట్టి విరవడం, షార్ప్స్ డబ్బా దగ్గర పెట్టడం కూడా మార్కుల్లోనే ఉన్నాయి.

ఖర్చు: తాళం పెట్టె 260, నెయిల్ పాలిష్ 50. ఇప్పటివరకు మొత్తం: ₹4,050.

దశ 7: పాస్ మార్కు ఎంత?

యాభై శాతం వస్తే పాస్ అనడం వైవాకి చెల్లుతుందేమో, ఇక్కడ చెల్లదు. తేలిక స్టేషన్లో యాభై అంటే ఏమీ రానట్టే, కష్టమైనదాంట్లో యాభై అంటే బాగా చేసినట్టు. అందుకని ఎగ్జామినర్ చెక్‌లిస్టుతో పాటు మొత్తం మీద ఒక మాట కూడా రాయాలి: 1 ఫెయిల్, 2 బార్డర్‌లైన్, 3 పాస్, 4 బాగుంది. ఎక్సెల్‌లో ఒక వరసలో ఈ అంకె, ఇంకో వరసలో చెక్‌లిస్టు మార్కులు పెట్టి ఫోర్‌కాస్ట్ ఫంక్షన్‌కి 2 ఇస్తే, బార్డర్‌లైన్ దగ్గర ఎన్ని మార్కులుంటాయో చెబుతుంది. ఆ స్టేషన్‌కి అదే పాస్ మార్కు.

మొదట బార్డర్‌లైన్ పిల్లల మార్కుల సగటు మాత్రమే తీశాం. చిన్న బ్యాచ్‌లో బార్డర్‌లైన్ వాళ్ళు ముగ్గురో నలుగురో ఉంటారు, ఒక్కరి వల్ల పాస్ మార్కు అటూ ఇటూ అయిపోతోంది. అందరి మార్కులూ వాడే లెక్కకి మారింది అందుకే.

కొన్నిటికి ఈ లెక్క కూడా వర్తించదు. 30 కంప్రెషన్లలో కనీసం 24 క్లిక్‌లు రాకపోయినా, అడ్రినలిన్ డోస్ తప్పినా, ఆ స్టేషన్ మళ్ళీ చేయాల్సిందే, మొత్తం మార్కులెన్నొచ్చినా సరే. ఆ 24 మేం పెట్టుకున్న గీత. మీరు మీ బొమ్మని బట్టి పెట్టుకోండి. మళ్ళీ చేయడం అదే మధ్యాహ్నం, బోర్డు మీద పేరు రాయకుండా.

దశ 8: కారిడార్‌లో బొమ్మ

సీపీఆర్ నేర్చుకున్నాక నెలల్లోనే చెయ్యి మొద్దుబారుతుంది. ఇంటర్న్‌షిప్ మొదట్లో ఒక రోజు చేయించి వదిలేస్తే పోస్టింగ్ చివరికి అంతా పోతుంది. అందుకని ఒక స్ప్రింగు బొమ్మని క్యాజువాలిటీ డ్యూటీ రూమ్ పక్కన పెట్టాం. డ్యూటీకి వచ్చిన ప్రతి హౌస్ సర్జన్ వారానికోసారి రెండు నిమిషాలు కొట్టి, క్లిక్‌ల సంఖ్య రిజిస్టర్‌లో రాయాలి.

మొదటి వారంలోనే బ్యాటరీ మాయం. ఎవరో గోడ గడియారానికని తీశారట, పెట్టాక అది సరిపోలేదని అక్కడే వదిలేశారు. ఇప్పుడు బ్యాటరీ గదికి చిన్న స్క్రూ ఉంది. రాత్రిళ్ళు బజర్‌కి పేషెంట్లు లేస్తున్నారని సిస్టర్లు అనడంతో బజర్ పీకేసి ఎర్ర లైటు పెట్టాం. రిజిస్టర్‌లో అందరూ 30కి 30 అని రాసేస్తున్నారు కాబట్టి, 5 సెంటీమీటర్ల స్విచ్‌కి చిన్న కౌంటర్ తగిలించే పని నడుస్తోంది.

అనుకోని మార్పు ఒకటి, ఎంఎన్‌ఓలు, సెక్యూరిటీ వాళ్ళు కూడా కొట్టి చూస్తున్నారు. వాళ్ళ కోసం పక్కన కోల్స్ పోస్టర్ అంటించాం, అంటే శ్వాసలు లేకుండా కంప్రెషన్లు మాత్రమే చేసే పద్ధతి. అంబులెన్స్ దిగిన పేషెంట్‌ని మొదట ముట్టుకునేది వాళ్ళే కదా.

ఖర్చు: బ్యాటరీ, స్క్రూ, లైటు 90. ఇప్పటివరకు మొత్తం: ₹4,140. రెండో బొమ్మకి తూకం, తాళం పెట్టె మళ్ళీ కొనక్కర్లేదు. ఫోమ్ ముక్క మిగిలే ఉంది. కాబట్టి అది ₹2,000 లోపే అయింది.

పెండింగ్: కౌంటర్, పిల్లల సైజు ఛాతీ (అందుకు ఒక్క స్ప్రింగు చాలుతుందేమో తూకం మీద చూడాలి), స్టోర్స్ నుంచి ఇంకో స్టెప్ స్టూల్. స్టూల్ ఇండెంట్ మూడోసారి వెనక్కి వచ్చింది, ఈసారి కార్పెంటర్‌కే చెప్పాం.